కొట్ల పన్నుకు 15 శాతం కళ్లెం: ఎవరికి ఊరట, ఎవరికి మోత?

నరసరావుపేట, చిలకలూరిపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ల. పల్నాడులో ఏ పట్నానికి వెళ్లినా బస్టాండు దాటగానే రోడ్డుకు రెండు పక్కలా ఇనుప షట్టర్ల కొట్లు బారులు తీరి కనిపిస్తాయి. పురుగుమందులు, విత్తనాలు, మోటారు రిపేర్లు, సెల్‌ఫోన్లు, టిఫిన్ హోటళ్లు. లోపల కూర్చుని వ్యాపారం చేసేవాడు పట్నవాసి కావచ్చు గాని, ఆ గదుల సొంతదారును వాకబు చేస్తే చాలాచోట్ల ఏ పది మైళ్ల దూరంలోనో ఉన్న పల్లెటూరి రైతు పేరు బయటికొస్తుంది. మిర్చి కలిసొచ్చిన ఏడు కొన్న స్థలమో, ఊళ్లో అరెకరం అమ్మి కట్టిన గదులో అయి ఉంటాయి. వానలు మొహం చాటేసినా నెలనెలా అద్దె వస్తుందన్న ధీమా ఆయనది.

భూమిశిస్తు, నీటితీరువా ఆ రైతుకు చిన్ననాటి నుంచి తెలిసిన వ్యవహారాలే. కరణం కాలంలోనూ కట్టాడు, ఆ తర్వాతా కట్టాడు. పురపాలక సంఘం పంపే ఆస్తిపన్ను డిమాండు నోటీసు మాత్రం ఆయనకు కొరుకుడు పడదు. ఏటా అంకె పెరుగుతుంది, ఎందుకు పెరిగిందో చెప్పేవారు ఉండరు. అడిగితే “పదిహేను శాతం మించి పెంచడం లేదు కదండీ” అన్న జవాబు వస్తుంది. వినడానికి ఆ మాట బాగానే ఉంటుంది. ఆ పదిహేను శాతం వెనుక ఉన్న లెక్క తెలిస్తేనే అది ఎంతవరకు కాస్తుందో, ఎక్కడ చేయి వదిలేస్తుందో బోధపడుతుంది.

అద్దె లెక్క పోయి విలువ లెక్క వచ్చె

మన రాష్ట్రంలో పట్నాల ఇంటిపన్నుకు, కొట్ల పన్నుకు పునాది 1965 నాటి పురపాలక చట్టం. అప్పటి నుంచి చాలాకాలం పన్నుకు కొలత అద్దె. కట్టడానికి ఏడాదికి ఎంత అద్దె రాగలదో అంచనా కట్టి, దానిమీద శాతం వేసేవారు. 1990 నాటి నియమాలతో పట్నాన్ని మండలాలుగా విడగొట్టి, స్లాబు కట్టడమా, మద్రాసు మిద్దెనా, మంగుళూరు పెంకా, పూరిల్లా అని తరగతులు చేసి, ఇల్లా కొట్టా అని వాడకం చూసి, చదరపు మీటరుకు ఇంతని అద్దె విలువ ఖరారు చేశారు. కట్టడం పాతదైతే వయసును బట్టి తగ్గింపు ఉండేది. నలభై ఏళ్లు దాటిన దానికి ముప్పై శాతం తగ్గించేవారు.

ఈ అద్దె విలువలను అయిదేళ్లకొకసారి సవరించాలని ఏర్పాటు. కాగితం మీద అది అలాగే ఉంది. ఆచరణలో ఇళ్లకు 2002లోను, కొట్లు వగైరా నివాసేతర కట్టడాలకు 2007లోను సవరించి, ఆ తర్వాత ఏళ్ల తరబడి దాని జోలికి పోలేదు. పన్ను పెంచి ఓట్లు పోగొట్టుకోవాలని ఏ పాలకుడికి ఉంటుంది? ఈలోగా నరసరావుపేటలోను, చిలకలూరిపేటలోను స్థలాల ధరలు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయాయో పాఠకులకు చెప్పనక్కరలేదు. ధరకూ పన్నుకూ మధ్య అఖాతం ఏర్పడింది. ఇప్పుడు కొట్ల యజమానులు పడుతున్న అవస్థకు సగం కారణం 2021లో పెంచడం అయితే, మిగతా సగం అంతకుముందు పదమూడు పద్నాలుగేళ్లు ఊరుకోవడం.

2020లో రాష్ట్ర ప్రభుత్వం పురపాలక చట్టాలను సవరించింది. ఆ ఏడాది నవంబరు 24న 198వ నంబరు జీవోగా నియమాలు వెలువడ్డాయి. 2021 ఏప్రిల్ 1 నుంచి అద్దె లెక్క పోయి మూలధన విలువ లెక్క వచ్చింది. మూలధన విలువ అంటే మరేమీ లేదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకంలో ఆ స్థలానికి గజం ఎంత, ఆ కట్టడానికి చదరపు అడుగు ఎంత అని రాసి ఉంటుందో, ఆ రెండూ కలిపిన మొత్తం. దానిమీద ఇళ్లకు 0.10 నుంచి 0.50 శాతం దాకా, నివాసేతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం దాకా ఎంత వేయాలో ఆయా పురపాలక సంఘాలు నిర్ణయించుకోవచ్చునన్నారు. యజమాని తానే కాపురముంటున్న 375 చదరపు అడుగుల లోపు చిన్న ఇంటికి ఏడాదికి 50 రూపాయలతో సరిపెట్టారు. కొట్లకు అటువంటి కనికరం లేదు. అయిదడుగుల పాన్‌కొట్టయినా శాతం శాతమే.

ప్రభుత్వానికి ఈ తొందర ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఢిల్లీలో ఉంది. కరోనా ఏడు 2020లో రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవడానికి కేంద్రం అనుమతిస్తూ, అందులో కొంత భాగానికి కొన్ని సంస్కరణలను షరతుగా పెట్టింది. పట్నాల ఆస్తిపన్నును రిజిస్ట్రేషన్ విలువలకు ముడివేయడం ఆ షరతుల్లో ఒకటి. ఆ షరతును దేశంలో మొదట నెరవేర్చినవి ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. ఫలితంగా మన రాష్ట్రానికి 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకు అనుమతి దొరికింది. పదిహేనవ ఆర్థిక సంఘం కూడా, ఆస్తిపన్నుకు కనీస రేట్లు ప్రకటిస్తేనే పట్నాలకు గ్రాంట్లు ఇమ్మంది. అంటే మీ కొట్టు నోటీసులో అంకె మారడానికి కారణం మీ పట్నం మురుగు కాలువ ఒక్కటే కాదు.

కొత్త లెక్క బయటికి రాగానే గగ్గోలు పుట్టింది. 2021లో విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో పౌరసంఘాలు, వామపక్షాలు ఆందోళనకు దిగాయి. పన్ను ఒక్కసారిగా రెండింతలో మూడింతలో అవుతుందన్న భయాన్ని పోగొట్టడానికే 15 శాతం కళ్లెం వేశారు. విలువ లెక్క ప్రకారం ఎంత తేలినా, పాత కట్టడానికి ఏ ఏడూ ముందటేటి పన్నుకంటే 15 శాతం మించి పెంచకూడదన్నది ఆ ఏర్పాటు.

రెండు గదుల రైతు లెక్క

ఇక అసలు సంగతికి వద్దాం. అంకెలు చెబితే విసుక్కోవద్దు. కాగితం, పెన్సిలు పట్టుకుంటే అయిదు నిమిషాల పని.

ఒక రైతుకు పట్నంలో 80 గజాల స్థలంలో 600 చదరపు అడుగుల రెండు గదుల కట్టడం ఉందనుకుందాం. రిజిస్ట్రేషను పుస్తకంలో గజం 30,000 రూపాయలు, కట్టడం చదరపు అడుగు 1,200 రూపాయలు అనుకుందాం. స్థలం విలువ 24 లక్షలు, కట్టడం విలువ 7 లక్షల 20 వేలు, వెరసి 31 లక్షల 20 వేలు. పురపాలక సంఘం నివాసేతర రేటు 0.30 శాతంగా పెట్టుకుంటే ఏడాది పన్ను 9,360 రూపాయలు తేలుతుంది. ఇవి లెక్క తెలియడానికి పెట్టుకున్న అంకెలు మాత్రమే. మీ వీధి విలువ, మీ పట్నం రేటు వేసుకుని ఎవరికి వారు చూసుకోవాలి.

ఆయన అంతకుముందు కడుతున్న పన్ను 4,000 రూపాయలనుకోండి. కళ్లెం లేకపోతే ఒక్కసారిగా 9,360 కట్టాలి. కళ్లెం ఉంది కనుక మొదటి ఏడు 4,600, రెండో ఏడు 5,290, మూడో ఏడు 6,084, నాలుగో ఏడు 6,996, అయిదో ఏడు 8,045. అంటే అయిదేళ్లలో పన్ను రెండింతలయింది. ఆరో ఏడు 9,252. ఏడో ఏడు 9,360 దగ్గర విలువ లెక్కను అందుకుంటుంది.

పదిహేను శాతం అన్నప్పుడు చాలామంది 4,000 మీద ఏటా 600 చొప్పున అనుకుంటారు. అలా అయితే అయిదేళ్లకు 7,000 కావాలి. కాని పెరిగిన దానిమీద మళ్లీ పెరుగుతుంది. చక్రవడ్డీ రుచి తెలిసిన రైతుకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. షావుకారు దగ్గర చూసిందే. కోటప్పకొండకు మెట్లు వేశారంటే ఎక్కడం సులువవుతుంది గాని, కొండ ఎత్తు తగ్గదు కదా. ఈ కళ్లెం మెట్టు ఎత్తును మాత్రమే కట్టడి చేసింది.

ఇంతలో కొండ కూడా ఊరుకోదు. రిజిస్ట్రేషను విలువలు స్థిరంగా ఉండేవి కావు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 26 అయినప్పుడు నరసరావుపేట పల్నాడు జిల్లాకు కేంద్రమయింది. ఆ నెలలోనే కొత్త జిల్లా కేంద్రాల్లో భూముల విలువలు పెంచారు. 2025 ఫిబ్రవరి 1న రాష్ట్రమంతటా మళ్లీ సవరించారు. మన లెక్కలోని విలువ ఏటా అయిదు శాతం చొప్పున పెరుగుతూ పోయిందనుకుంటే, ఆ రైతు పన్ను ఏడో ఏట ఆగదు. తొమ్మిదో ఏట గాని విలువ లెక్కను అందుకోదు. అప్పటికి అంకె 13,829 రూపాయలు. నాలుగు వేలతో మొదలైన మనిషి తొమ్మిదేళ్లలో మూడింతలకు పైగా కడతాడు, ఆ తొమ్మిదేళ్లలో ఏ ఒక్క ఏడూ 15 శాతం మించి పెంచినట్టూ ఉండదు.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది. కళ్లెం వేసింది పన్ను మీద, విలువ మీద కాదు. రేటు నిర్ణయించేది పురపాలక సంఘం. అది తప్పనిపిస్తే కౌన్సిలర్ని నిలదీయవచ్చు. విలువ నిర్ణయించేది రిజిస్ట్రేషన్ల శాఖ. దానిమీద కౌన్సిలరుకు అధికారం లేదు. జిల్లా కేంద్రం వచ్చిందని, బైపాసు పడిందని సంతోషపడిన వీధిలోనే గజం విలువ పెరిగి, కొట్టులో బేరం ఒక్కటి పెరగకుండానే పన్నుకు దారి తెరుచుకుంటుంది. స్థలం అమ్ముకునే వాడికి విలువ పెరగడం లాభం. అద్దెమీద బతికే వాడికి అది కాగితం మీది లాభం, చేతినుంచి పోయే పన్ను మాత్రం నిజం.

పక్క గది కొత్తదైతే?

కళ్లెం అందరినీ ఒకే తీరుగా పట్టుకోలేదు. అది పాత కట్టడానికి, అదీ కొలత, వాడకం మారని దానికే. కొత్తగా కట్టిన దానికి ముందటేటి పన్ను అంటూ లేదు కనుక కళ్లెమూ లేదు. మన రైతు గదుల పక్కనే అదే కొలతతో, అదే విలువతో 2021లో ఒక కుర్రవాడు బ్యాంకు అప్పుతో రెండు గదులు కట్టాడనుకోండి. అతనికి మొదటి ఏటే 9,360. ఆరేళ్లలో పాతాయన కట్టేది సుమారు 40,270 రూపాయలు, కొత్తవాడు కట్టేది 56,160. ఒకే వీధి, ఒకే కాలువ, ఒకే వీధిదీపం. తేడా దగ్గర దగ్గర 15,900 రూపాయలు. అప్పు తీర్చుకుంటున్న వాడిమీదే బరువు ఎక్కువ పడింది.

కొత్త అంతస్తు వేసినా, ఇల్లుగా ఉన్నదాన్ని కొట్టుగా మార్చినా అదే చిక్కు. పల్లెలు పట్నాలుగా మారుతున్న చోట ఇది మరీ గట్టిగా తగులుతుంది. 2020లో మన దాచేపల్లి, గురజాల పంచాయతీలు నగర పంచాయతీలయ్యాయి. అటువంటి ఊళ్లలో వీధి అరుగు మీద చిల్లర కొట్టు, ముందు గదిలో కుట్టుమిషను, వసారాలో జిరాక్సు మిషను పెట్టుకోవడం మామూలు. పంచాయతీ రోజుల్లో అదంతా ఇల్లే. పురపాలక నియమాలకు వచ్చేసరికి ఆ ముందు గది నివాసేతరం. గది కొలత నమోదై, వాడకం మారిందని రాస్తే ఆ భాగానికి రేటు మారుతుంది, కళ్లెమూ తప్పుకుంటుంది. భర్త పోయి, ముందు గదిలో కొట్టు పెట్టుకున్న ఆడమనిషికి, జాతీయ రహదారి పక్కన నాలుగంతస్తుల షోరూముకు ఒకే సూత్రం వర్తిస్తుంది. అది సమానత్వం అనిపించుకుంటుందేమో గాని న్యాయం అనిపించుకోదు.

అమెరికాలోనూ ఇదే తగవు

ఇటువంటి కళ్లెం మనవాళ్లు కొత్తగా కనిపెట్టింది కాదు. దీనికి పేరుమోసిన చోటు అమెరికాలోని కాలిఫోర్నియా. అక్కడ 1978 జూన్ 6న ప్రజలే ఓటు వేసి, ఆస్తిపన్నుకు పగ్గాలు బిగించారు. దాదాపు 65 శాతం ఓట్లు అనుకూలంగా పడ్డాయి. పన్ను విలువలో ఒక్క శాతానికి మించకూడదు, విలువను 1975 నాటి స్థాయికి దించాలి, ఆ పైన ఏటా రెండు శాతానికి మించి పెంచకూడదు. ఆస్తి చేతులు మారినప్పుడు మాత్రం అమ్మిన ధర ప్రకారం కొత్త విలువ. అక్కడ కళ్లెం పన్నుకే కాక విలువకూ వేశారన్నది గమనించాలి.

ఇల్లు పోతుందేమోనన్న ముసలివాళ్ల భయంలోంచి ఆ ఉద్యమం పుట్టింది. కాని ఓటు వేసిన చట్టం ఇంటికి ఒకటి, వ్యాపార కట్టడానికి ఒకటి అని తేడా పెట్టలేదు. తర్వాత్తర్వాత చూస్తే లాభం ఎక్కువగా ఎవరికి పోయింది? ఇళ్లు పది పదిహేనేళ్లకైనా చేతులు మారుతాయి, మారినప్పుడల్లా విలువ పెరుగుతుంది. పెద్ద కంపెనీల పేరున ఉన్న స్థలాలు దశాబ్దాల తరబడి మారవు. స్థలం మారకుండా కంపెనీ వాటాలే కొద్దికొద్దిగా చేతులు మారే దారులూ ఉన్నాయి. పాత విలువతో పెద్ద వ్యాపార సముదాయం, పక్కనే కొత్త విలువతో చిన్న కొట్టు ఉంటాయి. దీన్ని సరిచేయాలని 2020 నవంబరులో మళ్లీ ఓటు పెట్టారు. 30 లక్షల డాలర్లు దాటిన వ్యాపార ఆస్తులకు కళ్లెం తీసేసి బజారు విలువ మీద పన్ను వేయాలన్నది ప్రతిపాదన. ప్రజలు 48కి 52 శాతంతో తిరస్కరించారు. ఒకసారి ఇచ్చిన కళ్లెం తిరిగి తీసుకోవడం అంత తేలిక కాదన్నమాట.

మన జిల్లా పిల్లలు చాలామంది ఉద్యోగాలు చేస్తున్న టెక్సాస్‌లో మరొక దారి తొక్కారు. 2023 నవంబరు 7న జరిగిన ఓటింగులో, 50 లక్షల డాలర్లు మించని వ్యాపార, అద్దె ఆస్తుల అంచనా విలువ ఏడాదిలో 20 శాతం మించి పెరగకూడదని ఆమోదించారు. అదీ 2024 నుంచి 2026 వరకు మూడేళ్లకే. శాతం మనకంటే పెద్దదే. కాని రెండు తెలివైన పనులు చేశారు. కళ్లెం చిన్న ఆస్తికే అన్నారు, గడువు పెట్టారు. పెద్ద భవంతి యజమానికి అది దొరకదు. గడువు తీరేసరికి మళ్లీ ఆలోచించుకోవాలి.

మన నియమంలో ఆ రెండూ లేకపోవడమే లోపమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. 15 శాతాన్ని అందరికీ ఒకటే చేయడం కంటే, ఇంత విస్తీర్ణం లోపు కొట్టుకు, ముఖ్యంగా యజమాని తానే నడుపుకునే కొట్టుకు, అయిదు శాతం అని, పెద్ద సముదాయాలకు వేరుగా అని విడగొడితే ఖజానాకు పెద్ద నష్టం రాదు. 375 చదరపు అడుగుల ఇంటిమీద దయ చూపించిన వారికి వంద చదరపు అడుగుల కొట్టు కనిపించకపోవడం వింతే.

పురపాలక సంఘం గోడు

అలాగని పన్ను అసలు పెంచవద్దని వాదించడం సబబు కాదు. పల్లె నుంచి పత్తి విత్తనాలకో, ఆస్పత్రికో వచ్చిన మనిషి కూడా పట్నం మంచినీరు తాగుతాడు, పట్నం రోడ్డుమీదే బురదలో జారిపడతాడు. వాన పడితే కొట్ల ముందు మోకాలి లోతు నీరు నిలిచి బేరాలు లేక ఈగలు తోలుకునేదీ ఆ కొట్ల వాళ్లే. కాలువ తవ్వాలంటే డబ్బు కావాలి. కాలిఫోర్నియాలో కళ్లెం పడగానే ఆస్తిపన్ను రాబడి సగానికి పైగా పడిపోయింది. బడులకు, స్థానిక సంస్థలకు రాష్ట్ర ఖజానా నుంచి సర్దుబాటు చేయవలసి వచ్చింది. సొంత రాబడి లేని స్థానిక సంస్థ చేయి చాచి నిలబడవలసిందే. అది మన పంచాయతీల అనుభవం కూడా.

అందుచేత ఏటా కొద్దికొద్దిగా, ముందే తెలిసేటట్టు పెంచడం, ఏళ్ల తరబడి నిద్రపోయి ఒక్కసారి లేచి తరమడం కంటే నయం. వర్తకుడు కూడా ఓర్చుకోలేనిది పన్నును కాదు, హఠాత్తును. 2007 తర్వాత ఏటా అయిదు శాతం పెంచుకుంటూ వచ్చినా, 2021 నాటికి కొట్ల పన్ను దానంతటదే దాదాపు రెండింతలై ఉండేది. ఎవరికీ నొప్పి తెలిసేది కాదు.

చివరికి మోసేది ఎవరు?

నోటీసు వచ్చేది యజమాని పేరున. కట్టేది మాత్రం ఎవరన్నది అద్దె కాగితంలో ఉంటుంది. మన పట్నాల్లో కొట్ల అద్దె కాగితాలు ఎక్కువగా పదకొండు నెలలవి. రిజిస్ట్రేషను బాధ తప్పుతుందన్న నమ్మకంతో అలా రాసుకుంటారు. అందులో “పురపాలక పన్నులు అద్దెదారుడే భరించవలెను” అన్న ఒక్క వాక్యం ఉంటే పెరుగుదల మొత్తం కొట్టు నడిపేవాడి నెత్తిమీద పడుతుంది. ఆ వాక్యం లేకపోతే యజమాని మోయాలి. మోయలేక కాగితం తిరగరాసేటప్పుడు అద్దెలో కలుపుతాడు. అద్దె పెంచుకునేది ఏ అయిదు శాతమో, పన్ను పెరిగేది పదిహేను శాతం. బేరాలు బాగున్న మెయిన్ బజారులో అద్దె పెంచవచ్చు. షట్టరు మీద “అద్దెకు ఇవ్వబడును” అని నెలల తరబడి బోర్డు వేలాడుతున్న ఊరిచివర వీధిలో ఎవరిని అడుగుతారు?

కొట్టు నడిపేవాడు దాన్ని సరుకు ధరలో కలపాలని చూస్తాడు. ఎరువుల బస్తాకు, విత్తనాల ప్యాకెట్టుకు అచ్చు ధర ఉంటుంది కనుక అక్కడ కుదరదు. టిఫిన్ హోటలు ఇడ్లీలోనో, మోటారు మెకానిక్ కూలిలోనో కలుస్తుంది. అంటే పట్నంలో గది లేని పల్లెటూరి మనిషికి కూడా ఈ పన్నులో కాణీ పరకా వాటా ఉన్నట్టే.

పన్ను మొత్తం పెద్దదేం కాదు, నెలకు ఏడెనిమిది వందలే కదా అనేవారున్నారు. మన లెక్కలోని రైతుకు అది నిజమే. రెండు గదులూ అద్దెకు పోయినంత కాలం ఒక నెల అద్దెతో ఏడాది పన్ను తీరిపోవచ్చు. కాని గిడ్డంగులు, షెడ్లు కట్టిన వారి సంగతి వేరు. మిర్చికి, పత్తికి, పొగాకుకు అవసరమయ్యే షెడ్డుకు స్థలం ఎక్కువ, అద్దె తక్కువ. అద్దె లెక్క ఉన్న రోజుల్లో తక్కువ అద్దెకు తక్కువ పన్ను. విలువ లెక్కలో రేకుల షెడ్డయినా దాని కిందనున్న స్థలం గజాల చొప్పున తూగుతుంది. ఏడాదిలో నాలుగు నెలలు నిండి, ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నా విలువకు ఆ తేడా తెలియదు. పన్ను మారిన తీరులో ఎక్కువ దెబ్బ తగిలింది ఇటువంటి వారికేనని, దాని గురించి మాట్లాడినవారు తక్కువని చెప్పక తప్పదు.

నోటీసు అందితే చూసుకోవలసినవి

పట్నంలో కొట్టున్న పల్లెవాసులు నోటీసును దూలానికి గుచ్చి ఊరుకోకూడదు. ముందు కొలత చూడాలి. గజాలు, చదరపు అడుగులు మీ దస్తావేజుతో సరిపోలాలి. ఎక్కువ రాసిన పది గజాలు ఏటా పన్ను తింటాయి. రెండోది వాడకం. కింద కొట్టు, పైన కాపురం అయితే మొత్తం నివాసేతరంగా రాయలేదు కదా అన్నది చూడాలి. పై ఇంటికీ కింది కొట్టుకూ ఒకటే వాణిజ్య మీటరు ఉంటే వాదన బలహీనపడుతుంది. కరెంటు మీటర్లు వేరు చేయించుకోవడం మంచిది. మూడోది పెరుగుదల. నిరుటి రసీదు పక్కన పెట్టుకుని 1.15తో హెచ్చవేస్తే తేలిపోతుంది. అంతకంటే ఎక్కువ ఉంటే ఎందుకో కాగితం మీద అడగాలి. కొలత మార్చారా, వాడకం మార్చారా, పాత బకాయి కలిపారా అన్నది అప్పుడు బయటపడుతుంది.

అభ్యంతరం ఉంటే నోటీసులో రాసిన గడువులోగా కమిషనరుకు రివిజన్ అర్జీ పెట్టుకోవచ్చు. నోటితో చెప్పి వచ్చేస్తే లాభం లేదు. అర్జీకి అందినట్టు ముద్ర వేయించుకోవాలి, దస్తావేజు నకలు, నిరుటి రసీదు జత చేయాలి. బకాయి పడితే నెలకు రెండు శాతం అపరాధ వడ్డీ పడుతుంది. రెండు శాతమంటే ఏడాదికి ఇరవై నాలుగు. కళ్లెం ఇచ్చిన ఊరట కంటే ఆలస్యం చేసే నష్టమే పెద్దది. ఏడాది మొత్తం పన్ను ఏప్రిల్ నెలాఖరులోగా కట్టినవారికి అయిదు శాతం రాయితీ ఇస్తూ వచ్చారు. కట్టబోయే ముందు ఈ ఏడు కూడా ఉందో లేదో కౌంటరులో అడిగి తెలుసుకోవాలి. ఏప్రిల్ అంటే మిర్చి కల్లాల మీద డబ్బు చేతికొచ్చే రోజులు. మన రైతు 8,045 రూపాయలు కట్టవలసిన ఏట ఆ రాయితీతో 402 రూపాయలు మిగులుతాయి. పల్లె నుంచి పట్నానికి పోయి రావడానికి బస్సు చార్జీలు పోను కొంత చేతిలో ఉంటుంది.